రెండుసార్లు కొట్టినా బొచ్చు పురుగు చావడం లేదు

కళ్యాణదుర్గం రైతు: పొద్దున్నుంచి చేలోనే ఉన్నా. బొచ్చు పురుగుకు రెండుసార్లు మందు కొట్టినా చావడం లేదు. అంగడాయన ఇంకో డబ్బా చేతిలో పెట్టినాడు. టెన్షన్‌గా ఉంది, ఏం కొట్టాలో చెప్పండన్నా.

గుత్తి: ఏ పైరు? పురుగు సైజు ఎంత?

రిటైర్డ్ మాస్టారు, అనంతపురం: ముందు పేరు తేల్చుకోవాలి. మన వేరుశనగకు వచ్చేది ఎర్ర గొంగళి పురుగు, ఆమ్‌సాక్టా ఆల్బిస్ట్రైగా. తల్లి పురుగు తెల్ల రెక్కల మీద గోధుమ చారలు, ముందంచున పసుపు గీత ఉంటాయి. ఆ గీత ఎర్రగా ఉంటే ఆమ్‌సాక్టా మూరీ, అది వేరే జాతి. దాన్ని సీతాకోకచిలుక అనకండి, రాత్రి తిరిగే రెక్కల పురుగు అది. దాదాపు 10 నెలలు మట్టిలో కోశంగా, అంటే రెక్కలు రాకముందు కదలకుండా ఉండే దశలో, పడుకుని, తొలకరి పెద్ద వానకు లేస్తుంది. ఒక్కో తల్లి 600-700 గుడ్లు పెడుతుంది.

ఉరవకొండ: మేం బొంత పురుగంటాం. పేరుతో ఏం పని సార్, ఆయన చేను పోతా ఉంటే?

మాస్టారు: పేరుతోనే పని. పొగాకు లద్దె పురుగనుకుని మందు తెస్తే డబ్బు దండగ కదా.

కళ్యాణదుర్గం రైతు: శనక్కాయే సార్, ఇంకేముంటుంది ఇక్కడ! నెల దాటిన పైరు. మొదట్లో ఆకు అడుగున గుంపుగా చేరి పచ్చదనం గీకేస్తుంటే చూసినా. ఆకు పల్చటి కాగితంలా అయింది. ఇప్పుడు వేలంత ఉన్నాయి. పక్క చేను నుంచి దండు కదిలి వస్తా ఉంది.

రాయదుర్గం మహిళా రైతు: అదన్నా ముందే చెప్పాల్సింది! వేలంత అయినాక మందు ఆ బొచ్చు దాటి ఒంటికి సరిగ్గా తగలదు. డబ్బా వాపసు ఇచ్చేయ్. దండు వచ్చే వైపు గట్టు వెంబడి అడుగు లోతు, జానెడు వెడల్పు కాలువ తీయించు. గోడలు నిట్టనిలువుగా ఉండాలి, వాలుగా ఉంటే ఎక్కేస్తాయి. గట్టు మీద జిల్లేడు, అడవి ఆముదం కొమ్మలు పరువు. వాటికి చేరినవాటిని పుల్లతో ఏరి కిరసనాయిలు కలిపిన నీళ్లలో వేయి. చేత్తో పట్టుకోవద్దు, దద్దుర్లు వస్తాయి.

మాస్టారు: అసలు పని తొలి వాన రాత్రే చేయాలి. 7 నుంచి 11 లోపల మంటలకు తల్లి పురుగులు వచ్చి పడతాయి. కానీ ఊరంతా కలిసి వేయాలి.

ఉరవకొండ: ఇప్పుడెవరు కలుస్తున్నారు సార్? మా నాయన కాలంలో వేసేవాళ్లు. వేసవి దుక్కి కూడా సగం మంది మానేసినారు. గట్ల పక్కన, చెట్ల కింద దున్నితే కోశాలు పైకొచ్చి కొంగలు, కాకులు తినేవి.

గుత్తి: ట్రాక్టర్ బాడుగ ఎవరిస్తారు?

ఉరవకొండ: ఇద్దరు ముగ్గురు కలిసి మాట్లాడుకుంటే...

కళ్యాణదుర్గం రైతు: కాలువకు మనుషులొచ్చినారు. థాంక్స్ అక్కా.