పాపకి ఏ బ్రాంచి? కొత్తగా వచ్చాం, కాస్త చెప్పండి

ఆత్మకూరు వాసి, ఇప్పుడు ఫ్రిస్కో:

అందరికీ నమస్కారం. మాది నెల్లూరు జిల్లా ఆత్మకూరు. హెచ్1బీ మీద ఈ వేసవిలోనే డల్లాస్ పక్కన ఫ్రిస్కో వచ్చాం. పాప నెల్లూరులో ఇంటర్ ఫస్టియర్ ఎంపీసీ పూర్తిచేసింది. ఇక్కడ మళ్లీ పదకొండులోనే వేశారు. ఇంజనీరింగ్ చదువుతానంటోంది, బాగానే ఉంది. ఏ బ్రాంచి అన్న దగ్గరే ఇంట్లో పంచాయితీ. మా ఆవిడ సీఎస్‌ఈ తప్ప వేరే మాట వినదు. మా నాన్న కరెంటాఫీసులో చేసి రిటైరయ్యారు, ఆయన ఫోన్ చేసినప్పుడల్లా ట్రిపులీ (ఎలక్ట్రికల్) అంటారు. పాపేమో మిద్దెక్కి శ్రీహరికోట షార్ రాకెట్లు చూస్తూ పెరిగింది కాబట్టి ఏరోస్పేస్ అని కూర్చుంది. ఇక్కడ కూడా వెబ్ ఆప్షన్లలాంటివి ఉంటాయా? ఎప్పటికి తేల్చుకోవాలి? వీసాతో ఏమన్నా ఇబ్బందా? ఒకటే టెన్షన్‌గా ఉంది.

కావలి వాసి, ఇప్పుడు ప్లేనో:

తమ్ముడూ, పదకొండులో వేశారని దిగులు పడొద్దు, మంచిదే అయింది. మన ఫస్టియర్‌లో డెరివేటివ్స్ వరకే వస్తాయి, ఇంటిగ్రేషన్ సెకండియర్‌లో కదా. ఈ రెండేళ్లలో పాప ఏపీ కాలిక్యులస్ బీసీ, ఏపీ ఫిజిక్స్ సీ తీసుకుంటే ఆ లోటు తీరిపోతుంది. ఏపీ అంటే మన రాష్ట్రం అనుకునేరు, హైస్కూల్లోనే చదివే కాలేజీ స్థాయి కోర్సులు అవి.

వెబ్ ఆప్షన్లు ఇక్కడ లేవు. ర్యాంకు వచ్చింది, కౌన్సెలింగ్‌లో ఏది దొరికితే అది, ఇక నాలుగేళ్లూ అంతే అన్న లెక్క ఇక్కడ కుదరదు. కాలేజీని బట్టి తలుపు ఒక్కోచోట ఒక్కోసారి మూసుకుంటుంది. బ్రాంచి కంటే ముందు మీరు కనుక్కోవాల్సింది అదే. టెక్సాస్ ఏ అండ్ ఎం యూనివర్సిటీలో ఇంజనీరింగ్ పిల్లలందరినీ మొదట జనరల్ ఇంజనీరింగ్‌లో చేర్చుకుంటారు. మొదటి సంవత్సరం అయ్యాక మార్కులు చూసి బ్రాంచిలు ఇస్తారు. ఇటీవలి నిబంధన ప్రకారం జీపీఏ (4కి లెక్కించే సగటు మార్కులు) 3.75 గానీ ఆపైన గానీ ఉంటే కోరిన బ్రాంచి ఖాయం, తగ్గితే పోటీ పడాలి. ఇండియానాలో పర్డ్యూ యూనివర్సిటీ కూడా మొదటి ఏడాది అందరికీ ఒకటే పెడుతుంది. ఆస్టిన్‌లోని టెక్సాస్ యూనివర్సిటీ అలా కాదు. అప్లికేషన్‌లోనే మేజర్, అంటే బ్రాంచి, రాయాలి. స్కూల్లో టాప్ ర్యాంకు ఉంటే ఆటోమేటిక్‌గా సీటు వస్తుందని ఇక్కడ అందరూ చెప్తారు, నిజమే, కానీ అది యూనివర్సిటీలో సీటు, కోరిన బ్రాంచిలో కాదు. పైగా ఆస్టిన్‌లో కంప్యూటర్ సైన్స్ ఇంజనీరింగ్ కాలేజీ కింద ఉండదు. ముందు మెకానికల్‌లో చేరి తర్వాత సీఎస్‌కి మారదాం అనే ప్లాను అక్కడ పెట్టుకోవద్దు. మీ ఆవిడకి ఈ ముక్క ముందుగా చెప్పండి.

ఇక ఏరోస్పేస్. చదవడానికి వీసా అడ్డు కాదు, పని దగ్గరే చిక్కు. రాకెట్లు, క్షిపణుల టెక్నాలజీ ఇక్కడ ఐటార్ అనే ఎగుమతి ఆంక్షల కిందికి వస్తుంది. అందుకని ఆ కంపెనీలు దాదాపుగా సిటిజన్లనీ గ్రీన్‌కార్డు వాళ్లనీ మాత్రమే తీసుకుంటాయి. నాసా సొంత ఉద్యోగాలకైతే సిటిజన్‌షిప్పే కావాలి. ఇండియాలో పుట్టినవాళ్ల గ్రీన్‌కార్డు లైను ఎంత పొడవో మీకు ఆఫీసులో ఈపాటికి ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. హెచ్1బీ వాళ్ల పిల్లలకి ఇచ్చే హెచ్4 వీసా కూడా పాపకి 21 ఏళ్లు నిండేవరకే, ఆ తర్వాత స్టూడెంట్ వీసా ఎఫ్1కి మారాలి. ఇంకోటి చాలామందికి తెలియదు: హెచ్4 మీద పిల్లలు జీతం వచ్చే ఇంటర్న్‌షిప్ చేయకూడదు. ఏ బ్రాంచి అయినా ఇదే తంటా. అందుకే కొందరు కాలేజీలో ఉండగానే ఎఫ్1కి మారతారు. అలా మారేముందు ఫీజు స్థానికుల లెక్కలోనే ఉంటుందో లేదో యూనివర్సిటీలో అడగండి, లాయర్ని కూడా అడగండి.

చదువయ్యాక ఎఫ్1 వాళ్లకి ఒక ఏడాది ఓపీటీ, అంటే చదివిన రంగంలో పనిచేసుకునే అనుమతి, దాని మీద స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, మ్యాథ్స్) వాళ్లకి ఇంకో రెండేళ్లు. ఇంజనీరింగ్ బ్రాంచిలన్నీ స్టెమ్మే. వీసా కోసం సీఎస్ తీసుకోవాలి అనే మాటకు అర్థం లేదు.

నన్నడిగితే మెకానికల్ తీసుకుని, ఎలెక్టివ్స్‌లో ప్రొపల్షన్, ఏరోడైనమిక్స్ పెట్టుకోమంటాను. మెకానికల్ వాడు కార్ల దగ్గర ఉంటాడు, ఏసీ ప్లాంట్ల దగ్గర ఉంటాడు, మీకు పైన షెర్మన్‌లో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ చిప్ ఫ్యాక్టరీలాంటి చోట్లా ఉంటాడు. గ్రీన్‌కార్డు వస్తే రాకెట్ల దగ్గరికీ వెళ్లొచ్చు.

కందుకూరు అమ్మాయి, ఇప్పుడు హ్యూస్టన్:

అన్నయ్య చెప్పిందాంట్లో వీసా విషయం అక్షరాలా నిజం. అయినా ఏరోస్పేస్ వద్దని పాపకి ఇప్పుడే చెప్పకండి. ఏ అండ్ ఎంలో చేరితే ఏడాది టైముంటుంది కదా, ఆలోపు తనకే తెలుస్తుంది.

మీ నాన్నగారి మాటని మాత్రం తీసిపారేయొద్దు. నేను పవర్ సిస్టమ్స్‌లో పనిచేస్తాను. 2021 ఫిబ్రవరి మంచు తుఫానులో టెక్సాస్‌లో చాలాచోట్ల కరెంటు పోయి జనం ఎన్ని అవస్థలు పడ్డారో ఇక్కడివాళ్లకి గుర్తే. ఈ రాష్ట్రం గ్రిడ్డు పక్క రాష్ట్రాలతో పెద్దగా కలవదు, ఆ రోజుల్లో బయట నుంచి తెచ్చుకోవడానికి పెద్దగా దారి లేకపోయింది. ఇప్పుడు పడమటి టెక్సాస్‌లో గాలిమరలు, సోలార్, వాటికి తోడు డేటా సెంటర్లు. లైన్లు వేసేవాళ్లు, రిలేలు సెట్ చేసేవాళ్లు, లోడు లెక్కలు కట్టేవాళ్లు కావాలి. నేలటూరు థర్మల్ ప్లాంటు దగ్గర పనిచేసిన వాళ్లెవరన్నా మీ నాన్నగారికి తెలిసే ఉంటారు, ఒకసారి పాపతో ఫోన్‌లో మాట్లాడించండి. ఎలక్ట్రికల్ అంటే ఫ్యూజులు మార్చడం అనుకునే పిల్లలు చాలామంది. నిజానికి లెక్కలు దంచే బ్రాంచి ఇది.

ఎంపిక దగ్గర నేను చెప్పేది ఒకటే. బ్రాంచి పేరు చూడొద్దు, సెకండియర్ సబ్జెక్టులు చూడండి. మొదటి ఏడాది అందరికీ అదే కాలిక్యులస్, అదే ఫిజిక్స్. రెండో ఏడాదిలో సివిల్, మెకానికల్ వాళ్లకి స్టాటిక్స్ వస్తుంది, మాకు సర్క్యూట్లు, సీఎస్ వాళ్లకి డేటా స్ట్రక్చర్స్, డిస్క్రీట్ మ్యాథ్స్. కెమికల్ వాళ్లు ఏ గొట్టంలో ఎంత వచ్చింది, ఎంత పోయింది అని లెక్క రాస్తూ కూర్చుంటారు. వీటిలో ఏ హోంవర్క్ పాప తిట్టుకోకుండా చేస్తుందో చూడండి.

చీమకుర్తి వాసి, ఇప్పుడు టూసాన్:

మైనింగ్ ఎవరూ అనలేదే! గెలాక్సీ గ్రానైట్ దుమ్ములో పెరిగినవాణ్ణి. ఇక్కడ యూనివర్సిటీ ఆఫ్ ఆరిజోనాలో మైనింగ్ ఉంది, చుట్టూ రాగి గనులే. క్లాసులో పిల్లలు తక్కువ, ప్రొఫెసర్లకి పేర్లన్నీ తెలుసు. ఇంట్లో ఒప్పుకోరనుకోండి, అయినా ఒక మాట వేస్తున్నా.

ఆత్మకూరు వాసి, ఇప్పుడు ఫ్రిస్కో:

అందరికీ థ్యాంక్స్. మా ఆవిడకి చూపించాను, ఆస్టిన్ సంగతి చదివి కాసేపు ఏం మాట్లాడలేదు. అక్కా, ఆ సెకండియర్ సబ్జెక్టులు ఎక్కడ దొరుకుతాయి?

కందుకూరు అమ్మాయి, ఇప్పుడు హ్యూస్టన్:

ప్రతి యూనివర్సిటీ కేటలాగ్‌లో బ్రాంచివారీగా డిగ్రీ ప్లాన్ ఉంటుంది, సెమిస్టర్ల లెక్కన. పాపనే తీసి చదవమనండి, మీరు చదివి చెప్పొద్దు. పనిలో పనిగా ఆ ప్రోగ్రామ్‌కి ఏబెట్ (ఇంజనీరింగ్ కోర్సుల్ని తనిఖీ చేసే సంస్థ) గుర్తింపు ఉందో లేదో చూడండి. సివిల్ వైపు మనసు మళ్లితే ఇంకా ముఖ్యం, ముందు ముందు పీఈ (ప్రొఫెషనల్ ఇంజనీర్) లైసెన్సుకి అది లేకపోతే ఇబ్బంది పడాలి.