వెరిఫై, కన్ఫర్మ్, వాలిడేట్: మూడింటికీ ధ్రువీకరణేనా?

ఓపెన్ సోర్స్ బిట్‌కాయిన్ వాలెట్ ఒకదానికి తెలుగు సహాయ పేజీలు రాస్తున్నామండీ, జీతం గీతం ఏమీ లేదు, ఇష్టం కొద్దీ చేస్తున్న పని. ప్రతి కమాండూ నడిపి చూశాకే రాయాలన్నది మా నియమం, అక్కడ ఇబ్బంది లేదు, ఇబ్బందంతా మాటల దగ్గరే. మూలంలో వెరిఫై, కన్ఫర్మ్, వాలిడేట్ అని మూడు వేర్వేరు పనులుంటే మా డ్రాఫ్టులో మూడు చోట్లా ధ్రువీకరణే పడింది. "లావాదేవీని ధ్రువీకరించండి" అంటే బటన్ నొక్కమన్నట్టా, బ్లాక్‌లో (లావాదేవీల చిట్టాలో ఒక పేజీ లాంటిది) చేరిందో లేదో చూసుకోమన్నట్టా? కాస్త దారి చూపండి.

జవాబు:

ముందు ఆ ధ్రువీకరణని పక్కన పెట్టండి. తప్పు మాటేం కాదు, కానీ దానికి ఆఫీసు వాసన ఉంది. ధ్రువీకరణ పత్రం అంటే ఎవరో అధికారి చూసి, ముద్ర వేసి ఇచ్చేది, తెచ్చుకోవడం తప్ప మనం చేసేదేమీ ఉండదు. బిట్‌కాయిన్‌లో ఆ అధికారే లేడు కదా. 2008లో సతోషి నకమోటో పేరుతో వచ్చిన పత్రం మొదలయ్యేదే, మధ్యలో ఆర్థిక సంస్థ లేకుండా ఒకరు ఇంకొకరికి నేరుగా చెల్లించడం ఎలా అన్న దగ్గర. అలాంటి చోట ధ్రువీకరణ అని రాస్తే చదివేవాళ్లు "ఎవరో చూసి ఓకే చేశారులే" అనుకుని ముందుకెళ్లిపోతారు. మీరు చెప్పాలనుకున్నది సరిగ్గా దానికి ఎదురు.

వెరిఫైకి నేనైతే "సరిచూసుకోండి" అని రాస్తాను. "సరిచూడండి" కాదు, ఆ 'కొను' ఉండాల్సిందే. రాయి అంటే ఒకటి, రాసుకో అంటే ఇంకొకటి, పని ఎవరి కోసమో ఎవరి పూచీ మీదో ఆ చిన్న ముక్కే చెప్పేస్తుంది.

అలాగని వెరిఫై కనిపించిన ప్రతిచోటా అదే అతికించకండి. డౌన్‌లోడ్ పేజీనే తీసుకోండి. బిట్‌కాయిన్ కోర్ అనే సాఫ్ట్‌వేర్ విడుదలతో పాటు ఎస్‌హెచ్‌ఏ 256 హ్యాష్‌ల (ఫైలు నుంచి లెక్కకట్టే గుర్తుల) జాబితా ఒక ఫైలు, ఆ జాబితా మీద జీపీజీ అనే ప్రోగ్రాముతో సరిచూడగల డిజిటల్ సంతకాలు ఇంకో ఫైలు వస్తాయి. ఇంగ్లీషులో రెంటికీ వెరిఫై అనేస్తారు గానీ పనులు వేరు. హ్యాష్‌ని లెక్కకట్టి జాబితాలో ఉన్నదానితో పోల్చి చూస్తాం. కలిస్తే తేలేది ఒక్కటే, దిగిన ఫైలు జాబితా చెప్పిన ఫైలేనని. ఎవడో ఫైలుతో పాటు జాబితాని కూడా మార్చేస్తే రెండూ శుభ్రంగా కలుస్తాయి, అందుకే సంతకం చూడాలి. మొదటిదానికి "పోల్చి చూడండి", రెండోదానికి "సంతకం ఎవరిదో సరిచూసుకోండి" అని రాస్తే ఇవి రెండు మెట్లని పాఠకుడికి దానంతట అదే తెలుస్తుంది.

ఆ పేజీలోనే ఇంకో గుంట ఉంది. సంతకం సరిగ్గానే ఉన్నా జీపీజీ కింద ఒక హెచ్చరిక వేస్తుంది. "ఈ తాళంచెవి ధ్రువీకరించబడలేదు" అని అనువదించారో, సగంమంది భయపడి ఫైలు చెరిపేస్తారు, మిగతా సగం ఇక ఏ హెచ్చరికనీ పట్టించుకోవడం మానేస్తారు. అది అసలు చెప్పేది ఏమిటంటే, సంతకం ఈ కీతోనే పెట్టారు, కాకపోతే ఈ కీ ఫలానా మనిషిదేనని నువ్వు నాకింకా చెప్పలేదు అని. హెచ్చరికని అనువదించకుండా ఉన్నదున్నట్టు చూపించి, కింద ఈ వివరణ ఇవ్వండి. కీ వేలిముద్రని (ఆ కీని గుర్తుపట్టే చిన్న కోడ్‌ని) రెండు మూడు వేర్వేరు చోట్ల చూసి పోల్చుకోమని కూడా చెప్పండి.

వాలిడేట్‌కి తనిఖీ చాలు. నోడ్, అంటే నెట్‌వర్క్‌లో బిట్‌కాయిన్ సాఫ్ట్‌వేర్ నడిపే కంప్యూటర్, ప్రతి బ్లాకునీ నిబంధనల ప్రకారం తనిఖీ చేస్తుంది, నప్పకపోతే తిరస్కరిస్తుంది.

ఇంకో సభ్యురాలు:

సరిచూసుకోవడం మరీ ఇంట్లో మాట్లాడుకున్నట్టు లేదూ? డాక్యుమెంటేషన్‌కి కాస్త గాంభీర్యం ఉండొద్దా? పైగా కన్ఫర్మేషన్ సంగతి మీరు తేల్చనేలేదు.

జవాబు:

గాంభీర్యం కోసం "సత్యాపన" అని రాసినవాళ్లని చూశానమ్మా, ఆ మాట అర్థమైనవాళ్లకి ఆ పేజీతో పనే ఉండదు.

కన్ఫర్మేషన్ నిజంగానే చిక్కు. బటన్ మీద ఉన్నదానికి "సరే, పంపు" చాలు. లావాదేవీకి వచ్చేదాన్ని మాత్రం కన్ఫర్మేషన్ అనే ఉంచేయమంటాను. ఎందుకంటే ధ్రువం అంటేనే కదలనిది, ఒక బ్లాక్‌లో చేరిన లావాదేవీ ఇంకా కదలొచ్చు. అదే ఎత్తులో, అంటే వరుసలో అదే స్థానంలో, రెండు బ్లాకులు పోటీపడితే ఒకటి పక్కకి పోతుంది, దాంట్లో ఉన్న మన లావాదేవీ మళ్లీ క్యూలోకి రావచ్చు. సగటున పది నిమిషాలకొక బ్లాకు పైన చేరుతున్నకొద్దీ ఆ అవకాశం తగ్గుతుంది, పెద్ద మొత్తాలకి ఆరు దాకా ఆగడం ఆనవాయితీ. లెక్కపెట్టదగ్గ మాట కావాలి కాబట్టి "మూడు కన్ఫర్మేషన్లు వచ్చాయి" అనడమే హాయి. మీరెప్పుడైనా ఈథరియం అనే ఇంకో క్రిప్టో నెట్‌వర్క్ గురించి పేజీ రాస్తే అక్కడ ఫైనలైజ్‌కి "ఖరారు" బాగా కుదురుతుంది, మామూలుగా ఖరారవడానికి సుమారు పదిహేను నిమిషాలు పడుతుంది.

మొదట అడిగినవారు:

చాలా ఉపయోగపడిందండీ. ఇంకో రెండు. వాలెట్‌ని తిరిగి తెరుచుకోవడానికి అది ఇచ్చే పన్నెండు పదాలని ఉదాహరణలో తెలుగు చేయొచ్చా? పేజీ పైన "ధ్రువీకరించబడినది" అని ఒక ముద్ర పెట్టాలనుకున్నాం, దానికేం రాయాలి?

జవాబు:

పదాల జోలికి అసలు పోవద్దు. అవి బీఐపీ 39 అనే ప్రమాణంలో ఇచ్చిన జాబితాలోని 2048 పదాల్లోంచి వస్తాయి. ఆ జాబితాలు జపనీస్, కొరియన్, స్పానిష్ లాంటి కొన్ని భాషల్లో ఉన్నాయి గానీ తెలుగులో లేదు. అర్థం చూసి అనువదిస్తే తిరిగి అదే పదం దొరుకుతుందన్న నమ్మకం లేదు, తెలుగు లిపిలో రాసుకున్నా స్పెల్లింగ్ దగ్గర తడబాటే. ఇంగ్లీషు జాబితాలో మొదటి నాలుగు అక్షరాలతోనే పదాన్ని గుర్తుపట్టొచ్చు, ఆ సౌకర్యం మన లిపిలోకి మారగానే పోతుంది. వాలెట్ చూపించిన అక్షరాల్లోనే రాసుకోమని చెప్పండి. ఉదాహరణగా వేసిన పదాలు లోకమంతా చూసినవి కాబట్టి వాటితో తెరిచిన వాలెట్లో డబ్బు వేయొద్దని కూడా అక్కడే, అదే పేరాలో ఉండాలి.

ముద్ర సంగతి. "ధ్రువీకరించబడినది" అంటే ఎవరు, ఎప్పుడు, ఏం చూశారు? ఏదీ తెలియదు. దానికి బదులు ఏం చేశారో అదే రాయండి: "ఫలానా వెర్షన్‌లో, రెగ్‌టెస్ట్ (సొంత కంప్యూటర్లో నడిపే పరీక్ష నెట్‌వర్క్) మీద, ఫలానా తేదీన నడిపి చూసి రాసింది." పొడుగే, కానీ రెండేళ్ల తర్వాత పేజీ తెరిచినవాళ్లకి ఎంతవరకు నమ్మొచ్చో తెలుస్తుంది. బ్లాకులు పుట్టించడానికి జనరేట్ అనే కమాండు వాడిన పాత పాఠాలు ఇప్పటికీ తిరుగుతున్నాయి, బిట్‌కాయిన్ కోర్ దాన్ని ఎప్పుడో తీసేసింది. ఇంకొన్ని పాఠాలు ఒక్క బ్లాకు పుట్టించి, దానికి దక్కే బహుమతిని వెంటనే ఖర్చుపెట్టమంటాయి. మైనింగ్ బహుమతి వంద బ్లాకులు ముదిరితే గానీ ఖర్చుకి రాదు, అందుకే 101 బ్లాకులు పుట్టించాలి. నడిపి చూసినవాడు ఈ మాట రాయకుండా ఉండలేడు.

అన్నట్టు ఆప్షన్ల పేర్లు కూడా తెలుగు లిపిలోకి మార్చకండి. కొన్ని కమాండ్లలో ఫీరేట్ (లావాదేవీ రుసుము రేటు) అని రెండున్నాయి. ఒకదానిలో మధ్యలో అండర్‌స్కోర్, ఇంకోదానిలో ఆర్ పెద్దక్షరం, అంతే తేడా. మొదటిది వర్చువల్ బైటుకి (లావాదేవీ సైజు కొలత) ఇన్ని సతోషీలని (బిట్‌కాయిన్‌లో అతి చిన్న ముక్క) అడుగుతుంది, రెండోది కిలో వర్చువల్ బైటుకి ఇన్ని బిట్‌కాయిన్లని. రెండోదానిలో 1 మొదటిదానిలో లక్షకి సమానం. తెలుగులో రాస్తే రెండూ ఒకేలా కనిపిస్తాయి, అదీ నా బెంగ.