ఇంగ్లండ్ పాత రికార్డుల్లో పెళ్లికాని భూయజమానురాలు: ఆచూకీ దొరకట్లేదు, దారి చెప్పండి

బందరుకోట:
మూడు రోజులుగా ఒకే మనిషి కోసం వెతుకుతున్నాను. ఇవాళ పొద్దుటి నుంచి ఏడు గంటలు కదలకుండా కూర్చున్నా ఏమీ తేలలేదు. ఈస్టిండియా కంపెనీ కొలువులో మచిలీపట్నంలో ఉండి అక్కడే పోయిన ఒకాయన తన ఇల్లూ పొలాలూ చెల్లెలు ఎలిజబెత్‌కి వీలునామా రాశాడు. ఆవిడ ‘స్పిన్‌స్టర్’ (పెళ్లికానామె) అని స్పష్టంగా ఉంది. అక్కడితో మనిషి మాయం. తర్వాత చేసుకుందేమోనని పెళ్లి రిజిస్టర్లన్నీ తిరగేశాను. జనాభా లెక్కల్లో లేదు. ‘మిస్’ అని పెట్టి వెతికితే ఒక్కటీ రాదు. అదే పేరుతో ఒక ‘మిసెస్’ ఖననం కనిపించింది గానీ ఆవిడ పెళ్లయినామె, పైగా తేదీ కూడా కుదరదు, వదిలేశాను. ఊరి పేరు కొడితే కెనడా వస్తోంది. అంత ఆస్తి ఉన్న మనిషి ఇలా గాలిలో కలిసిపోతుందా? సరైన వెబ్‌సైట్ ఏదో చెప్పండి చాలు.

ఒక్కముక్క:
ఏ కౌంటీ? ఏ సంవత్సరం? వీలునామా ఏ కోర్టులో రుజువైంది? ఇవి లేకుండా ఎవరూ ఏమీ చెప్పలేరు.

కరణంగారి మనవడు:
భూమి ఉన్న మనిషిని పట్టుకోవాలంటే భూమి రికార్డులు చూడాలి. అందరూ పెళ్లిళ్లు, పుట్టుకల రిజిస్టర్లలోనే కొట్టుకుంటూ ఉంటారు. మనిషిని వదిలి నేలను వెంబడించండి.

మన అడంగల్లో పట్టాదారు, అనుభవదారు అని రెండు గడులు ఉన్నట్టే అక్కడి ల్యాండ్ టాక్స్ జాబితాల్లో యజమానికి ఒక గడి, సాగు చేసేవాడికి ఒక గడి. చాలా కౌంటీల్లో 1780 నుంచి 1832 దాకా ఏటేటా దొరుకుతాయి. కౌంటీ ఎన్నికల్లో ఓటు అర్హతకి అవే రుజువు గనక క్వార్టర్ సెషన్స్ (మూడు నెలలకోసారి కూర్చునే కౌంటీ న్యాయస్థానం) కాగితాల్లో నకళ్లు దాచారు, అందుకే మిగిలాయి. ఆడవాళ్లకి ఓటు లేదు కానీ పన్ను తప్పదు, కాబట్టి ఆవిడ పేరు ఉంటుంది. పోల్ బుక్కుల్లో (ఓటేసినవాళ్ల జాబితాల్లో) మాత్రం వెతకొద్దు. ఒక జాగ్రత్త: యజమాని చనిపోయినా అదే పేరు ఏళ్ల తరబడి దించుకుంటూ పోయేవారు. పేరు కనిపించిందని ఆ ఏడాది బతికున్నట్టు లెక్క వేయకండి.

1836 చట్టం తర్వాత టైత్ (చర్చికి కట్టే పదో వంతు) మ్యాపులు వచ్చాయి. ప్రతి కమతానికీ నంబరు, యజమాని, సాగుదారు, పొలం పేరు, ఏ పంట భూమో, విస్తీర్ణం ఎకరాలు, రూడ్లు, పెర్చుల్లో (40 పెర్చులు ఒక రూడ్, 4 రూడ్లు ఒక ఎకరం). నేషనల్ ఆర్కైవ్స్‌లో పట్టికలు ఐఆర్ 29 అనే వరసలో, మ్యాపులు ఐఆర్ 30లో. ఇంకా తర్వాతి కాలమైతే 1873 నాటి భూయజమానుల లెక్క ఉంది. లండన్ తప్ప మిగతా ఇంగ్లండ్, వేల్స్‌లో ఎకరం, ఆ పైన ఉన్న ప్రతి ఒక్కరూ అందులోకి వస్తారు.

నిఘంటువు:
‘మిసెస్’ అని ఉంది కాబట్టి పెళ్లయినామె అనుకున్నారు చూడండి, అక్కడే దారి తప్పారు. మిసెస్ అనేది ‘మిస్ట్రెస్’కి పొట్టిరూపం. 17, 18 శతాబ్దాల్లో అది హోదాని చెప్పేది, పెళ్లిని కాదు. మన ఊళ్లలో ‘దొరసాని’ అంటే ఇంటి యజమానురాలన్నట్టు. ఆస్తి, ఇల్లు, నౌకర్లు ఉన్న పెద్దింటి ఆడమనిషి పెళ్లి లేకపోయినా మిసెస్సే. ‘మిస్’ అప్పట్లో చిన్నపిల్లలకి వాడేవారు. 18వ శతాబ్దం సగం గడిచాకే పెళ్లికాని పెద్దవాళ్లకి ఆ మాట వ్యాపించింది. దస్తావేజుల్లోనూ కోర్టు కాగితాల్లోనూ మాత్రం ‘స్పిన్‌స్టర్’, ‘సింగిల్‌వుమన్’ అని రాసేవారు. అంటే ఒకే మనిషి కౌలు పత్రంలో స్పిన్‌స్టర్, చర్చి రిజిస్టరులో మిసెస్.

ఇంకోటి. ‘చెల్లెలు’ అని ఎలా తెలిసింది? ఇంగ్లీషు మూలంలో ‘సిస్టర్’ అనే కదా ఉండేది. అక్క కావచ్చు. సవతి తల్లి కూతురు కావచ్చు. వదినని, మరదలిని కూడా సిస్టర్ అనే రాసేవారు, ఇక్కడ స్పిన్‌స్టర్ అని ఉంది కాబట్టి అన్న భార్య కాదు గానీ, భార్య తోబుట్టువు కావచ్చు. వయసు తప్పుగా ఊహిస్తే బాప్తిస్మం వెతికే సంవత్సరాలే తప్పుతాయి. ఆయన పుట్టుకకి ముందు పదిహేనేళ్లు, తర్వాత పదిహేనేళ్లు చూడాలి.

ఒక్కముక్క:
ఇప్పటికీ కౌంటీ చెప్పలేదు.

బందరుకోట:
హాలిఫాక్స్ అని రాయలేదా? యార్క్‌షైర్‌ది. వీలునామా 1739లో రాసింది, 1741లో కాంటర్బరీ చర్చి కోర్టులో రుజువైంది. అందులో నాలుగు పొలాల పేర్లు, ఒక ఇల్లు ఉన్నాయి. ఇంటిపేరు ఆ ప్రాంతంలో వీధికొకటి ఉండే రకం.

ఒక్కముక్క:
అయితే టైత్ మ్యాపులు, 1873 లెక్క పక్కన పెట్టండి. జనాభా లెక్కలూ వద్దు, దేశమంతా పేర్లతో లెక్క 1841 నుంచే. కెనడా రావడానికి కారణం నోవా స్కోషియా హాలిఫాక్స్, అది 1749లో కట్టిన ఊరు. వెతికేటప్పుడు ‘వెస్ట్ రైడింగ్’ (యార్క్‌షైర్ పడమటి భాగం) చేర్చండి.

పాతదస్తావేజు:
వెస్ట్ రైడింగ్ అంటే అదృష్టమే. ఇంగ్లండ్‌లో చాలా చోట్ల ఆ కాలంలో దస్తావేజుల రిజిస్ట్రేషనే లేదు. అది ఉన్న కొద్ది చోట్లలో ఇదొకటి. 1704 నుంచి వేక్‌ఫీల్డ్‌లో రిజిస్ట్రీ నడిచింది, పుస్తకాలు ఇప్పటికీ అదే ఊళ్లోని ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. పూర్తి దస్తావేజు ఉండదు, ‘మెమోరియల్’ అనే సారాంశం ఉంటుంది: తేదీ, ఇరుపక్షాల పేర్లు, ఊరు, వృత్తి లేదా హోదా, భూమి వివరం, సాక్షులు. ధర సాధారణంగా ఉండదు. సూచిక పత్రం రాసిచ్చినవారి పేరు మీద ఉంటుంది. ఆవిడ కొన్న భూమి ఆవిడ పేరుతో వెతికితే తగలదు, అమ్మినవాడి పేరు కావాలి. వీలునామాలు కూడా అక్కడ నమోదు చేసేవారు, అన్నగారి వీలునామా కూడా ఉందేమో చూడండి.

ఇక్కడ చాలామంది బోల్తా పడే చోటు రెండు. 21 ఏళ్లకు మించని మామూలు కౌలు పత్రాలకి రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. కాపీహోల్డ్ భూమికి, అంటే మేనర్ (దొర ఎస్టేట్) కోర్టు పుస్తకాల్లో నమోదుతో చేతులు మారే భూమికి, అసలు ఆ రిజిస్ట్రేషన్ చట్టమే వర్తించదు. హాలిఫాక్స్ చుట్టుపక్కల చాలా భూమి వేక్‌ఫీల్డ్ మేనర్ కింద కాపీహోల్డే. కాబట్టి రిజిస్ట్రీలో లేదంటే భూమి లేదని కాదు, మేనర్ కోర్టు రోల్స్‌కి వెళ్లాలి. ఈ మేనర్‌వి 1274 నుంచి 1925 దాకా ఉన్నాయి, లీడ్స్ విశ్వవిద్యాలయంలో భద్రపరిచారు. గ్రేవ్‌షిప్ అనే విభాగాల వారీగా రాసి ఉంటాయి, కాబట్టి ముందు ఆ నాలుగు పొలాలు ఏ టౌన్‌షిప్‌లోవో (పారిష్‌లోని చిన్న విభాగం) తేల్చుకోండి. హాలిఫాక్స్ పారిష్ (ఒక చర్చి పరిధి) చాలా పెద్దది, ఊరి పేరొక్కటే సరిపోదు. 1733 మార్చికి ముందువి లాటిన్‌లో, తర్వాతివి ఇంగ్లీషులో. మీ కాలానికి ఇంగ్లీషే.

అసలు సంగతి ఇప్పుడు. అప్పటి చట్టం ప్రకారం కాపీహోల్డ్ భూమిని నేరుగా వీలునామాతో ఇవ్వలేరు. యజమాని బతికుండగానే కోర్టుకి వచ్చి ‘నా వీలునామా నిమిత్తం’ అని భూమిని మేనర్ దొరకి అప్పగించాలి. ఈ మెలిక 1815లో గానీ పోలేదు. అన్నగారు ఓడ ఎక్కకముందే ఆ పని చేసి ఉండాలి, లేదా తన బదులు ఎవరికైనా అధికారం రాసిచ్చి ఉండాలి. కాబట్టి 1741 తర్వాత ఆవిడని కొత్త హక్కుదారుగా చేర్చుకున్న నమోదు ఒకటి, ఆయన ఇండియాకి బయలుదేరిన సంవత్సరాలకి ముందు అప్పగింత ఒకటి, రెండూ చూడాలి. అప్పగింత లేకపోతే ఆ భూమి ఆచారం ప్రకారం వారసుడికి పోతుంది. వీలునామాలో ఆవిడ పేరు ఎంత స్పష్టంగా ఉన్నా లాభం లేదు.

నిఘంటువు:
కాపీహోల్డ్‌ని తెలుగులో ‘కౌలు’ అనుకుంటారేమో, కాదు. వంశపారంపర్యం, అమ్ముకోవచ్చు. కోర్టు రోల్ నకలే హక్కు పత్రం, అందుకే ఆ పేరు.

కరణంగారి మనవడు:
ఇనాం లాంటిది అంటే సరిపోతుంది.

నిఘంటువు:
ఇనాం అంటే శిస్తు మాఫీ లేదా తగ్గింపుతో ఇచ్చిన మాన్యం. ఇక్కడ ప్రతి చేతి మార్పుకీ దొరకి రుసుము కట్టాలి, ఏటా చిన్న శిస్తూ ఉంటుంది. రెండూ పూర్తిగా వేరు. ‘నకలు పట్టా’ అనొచ్చు.

కరణంగారి మనవడు:
పట్టా సర్కారు ఇచ్చేది, అది మాత్రం ఎలా కుదురుతుంది? సరే, ఆ మాట వదిలేద్దాం. నేను చెప్పిన ల్యాండ్ టాక్స్ మాత్రం పనికిరాదనకండి. ఆవిడ పిల్లల్లేకుండా పోయింది కాబట్టి భూమి ఎవరో ఒక మేనల్లుడికో పినతండ్రి కొడుక్కో చేరి ఉంటుంది. 1781 ప్రాంతంలో ఆ నాలుగు పొలాల యజమాని ఎవరో తేలితే, అక్కడి నుంచి వెనక్కి నడవచ్చు. ఆ కుటుంబం హక్కు పత్రాల కట్టలో పాత యజమానుల పేర్లన్నీ వరసగా ఉంటాయి. వారసుడు ఆస్తి షరతు కోసం ఇంటిపేరు మార్చుకునే అలవాటూ అక్కడ ఉంది, కాబట్టి ఇంటిపేరు కలవలేదని కొట్టేయకండి.

పాతదస్తావేజు:
అది నిజమే, వెనక్కి నడవడం మంచి దారి. ఒక హెచ్చరిక కలుపుతాను. దస్తావేజులో ఒక స్పిన్‌స్టర్ పేరుందని భూమి ఆవిడదే అనుకోకండి. పెళ్లికాని ఆడవాళ్లు తమ వాటా డబ్బుని భూమి తాకట్టు మీద అప్పిచ్చేవారు, తాకట్టు పత్రంలో భూమి మొత్తం వాళ్ల పేరుకి రాసినట్టే కనిపిస్తుంది. ‘తీర్చిన యెడల ఈ పత్రము చెల్లదు’ అనే షరతు ఉందా లేదా చూడాలి. అలాగే ‘జీవితకాలం అనుభవం’ వేరు. హాలిఫాక్స్ పక్క షిబ్డెన్ హాల్ యజమానురాలు ఆన్ లిస్టర్ పెళ్లి చేసుకోలేదు. 1840లో పోయినప్పుడు ఆస్తిని ఆన్ వాకర్‌కి జీవితకాలానికే రాసింది, ఆ తర్వాత లిస్టర్ బంధువులకే. జీవితకాలపు హక్కుదారుని యజమాని అనుకుంటే వారసుల్ని తప్పు కుటుంబంలో వెతుకుతారు.

ఎలిజబెత్ సొంత వీలునామా కూడా వెతకండి. పెళ్లయినామె మొగుడి అనుమతి లేకుండా వీలునామా రాయలేదు, పెళ్లికానామె రాయగలదు. అందుకే ఇలాంటివాళ్ల వీలునామాలు దొరికే అవకాశం ఎక్కువ. 1858కి ముందు హాలిఫాక్స్ వాళ్లవి యార్క్ కోర్టుల్లో రుజువయ్యేవి, అవి యార్క్‌లో బోర్త్‌విక్ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్నాయి. అన్నది కాంటర్బరీలో దొరికిందని ఆవిడదీ అక్కడే వెతికితే దొరక్కపోవచ్చు. ఆమె మేనకోడళ్లకి ఇచ్చిన చిన్న చిన్న సొమ్ములే కుటుంబాన్ని గీసి చూపిస్తాయి. చర్చి రిజిస్టరులో బాప్తిస్మం లేకపోతే, వాళ్లు డిసెంటర్లేమో (ఇంగ్లండ్ చర్చి నుంచి విడిపోయిన ప్రొటెస్టెంట్లు) చూడండి. ఆ ప్రాంతానికి నార్తౌరమ్ రిజిస్టర్ ఉంది, 1644 నుంచి 1752 దాకా, అచ్చులో దొరుకుతుంది.

బందరుకోట:
ఇవన్నీ చూడాలంటే నెలలు పడుతుంది. ఆవిడ రాసిచ్చిన కౌలు పత్రం ఒకటి ఇప్పటికే నా దగ్గరుంది, 1742 జూన్‌ది. నేను చెప్పిన ‘మిసెస్’ ఖననం 1742 జనవరిది. చనిపోయిన ఐదు నెలలకి కౌలు ఎలా రాస్తుంది? అందుకే ఆవిడ కాదన్నాను.

ఒక్కముక్క:
అప్పటికి ఇంగ్లండ్‌లో కొత్త సంవత్సరం మార్చి 25న మొదలు. 1742లో జూన్ ముందు, జనవరి తర్వాత. మన లెక్కలో ఆ ఖననం 1743 జనవరి. ఈ పద్ధతి మారింది 1752లో. రిజిస్టరు పేజీ పైకి కిందికి చూడండి, డిసెంబరు తర్వాత కూడా 1742 అనే ఉంటుంది. రాసుకునేటప్పుడు 1742/3 అని రాయండి.

నిఘంటువు:
మిసెస్ సంగతి నేను ముందే చెప్పాను.

పాతదస్తావేజు:
అంటే ఆవిడ తర్వాత భూమి ఎవరికి పోయిందో తేలాలంటే 1743 జనవరి తర్వాతి నమోదులు చూడాలి. మేనర్ రోల్స్‌లో ఆ ఏడాదీ పై ఏడాదీ ‘ఎలిజబెత్ మరణించగా’ అని వారసుణ్ణి పిలిచిన నమోదు ఉంటుంది. యార్క్‌లో వీలునామాకి 1743 నుంచి రెండు మూడేళ్లు చూడండి. అన్నట్టు ఒక ప్రశ్న. బందరులో రాసిన ఆ వీలునామాకి సాక్షులెంతమంది? 1677 చట్టం ప్రకారం ఫ్రీహోల్డ్ భూమి (మేనర్ కోర్టుతో పని లేని సొంత భూమి) ఇవ్వాలంటే ముగ్గురు సాక్షులు కావాలి. ఇద్దరే ఉంటే చర్చి కోర్టు రుజువు చేసినా అది డబ్బుకీ సామానుకీ చెల్లుతుంది, భూమికి చెల్లదు. చర్చి కోర్టుకి భూమి మీద అధికారం లేదు. అలా అయితే భూమి చట్టరీత్యా వారసుడికి పోతుంది, ఆయనకి అన్నగానీ తమ్ముడుగానీ ఉంటే ఆవిడకి రాదు. మద్రాసు మేయర్ కోర్టులో కూడా ఆ వీలునామా నమోదై ఉండొచ్చు. బ్రిటిష్ లైబ్రరీలో చూసి సాక్షుల పేర్లు సరిపోల్చండి.

బందరుకోట:
పేజీ తీసి చూశాను, డిసెంబరు తర్వాతే ఉంది. ఆవిడే అయ్యుంటుంది. థాంక్సండీ అందరికీ.

ఒక్కముక్క:
సాక్షులు ఎంతమందో చెప్పలేదు.