గడువు దాటిన నాటుకోడి గుడ్లు ఇంకా పిల్లలవుతాయా?

అందరికీ నమస్కారం. మాది విజయనగరం జిల్లా, బొబ్బిలి దగ్గర పల్లె. మా నాటుకోడి పెట్ట గంపలో పొదిగిన గుడ్లు చాలావరకు పిల్లలయ్యాయి. రెండు మాత్రం 21 రోజులు దాటినా పగల్లేదు. మధ్యలో చలి బాగా పెరిగింది. పెట్ట మేతకు దిగినప్పుడు గుడ్లు చల్లబడితే ఒకటి రెండు రోజులు ఆలస్యం కావడం మామూలే కదా, అదే నా ఆశ.

రాత్రి చీకట్లో ఫోన్ టార్చ్ పెట్టి చూశాను. ఒకదాంట్లో మొద్దు వైపు గాలి ఖాళీ పెద్దగా, ఏటవాలుగా కనిపించింది, మిగతాదంతా నల్లగా నిండి ఉంది. చెవి దగ్గర పెట్టుకుంటే లోపల సన్నగా టక్ టక్‌మన్నట్టుంది. రెండోదాంట్లో ఏదో నీళ్లలా కదులుతోంది, వాసన మాత్రం లేదు. అది మురిగిపోయినట్టేనా?

గోరువెచ్చని నీళ్లలో వేస్తే బతికున్న గుడ్డు కదులుతుందని మా అత్తయ్య అంటున్నారు. పెంకు ఎక్కడైనా బీటవారి ఉంటే నీళ్లు లోపలికి పోయి పిల్ల చచ్చిపోతుందేమోనని నాకు భయం. వేసి చూడొచ్చా? పెట్టేమో పుట్టిన పిల్లల్ని వెంటేసుకుని దిగిపోతోంది. ఈ గుడ్లను పొదుగుతున్న ఇంకో పెట్ట కింద పెట్టాలా, బల్బు వేడి సరిపోతుందా? తొందరపడి పెంకు ఒలిస్తే లోపలి పొర చిరిగి రక్తం కారుతుంది కాబట్టి ఆ పని చేయలేదు. ఇంకెన్నాళ్లు ఆగాలో తెలిసినవాళ్లు చెప్పండి, చాలా టెన్షన్‌గా ఉంది.