'గురు' సీక్వెల్ క్లైమాక్సులో స్కోరు లెక్క ఎలా చూపించాలి?

బాక్సింగ్ సినిమా 'గురు' (2017)కి సీక్వెల్ కథ అల్లుతున్నా. కోచ్ వెంకటేషే, రింగు మూలలో ఆయన పక్కన రితికా సింగ్. కొత్త పిల్లది నెల్లిమర్ల దగ్గర కొండవెలగాడ; వెయిట్‌లిఫ్టింగ్ వదిలి 57 కిలోల బాక్సింగ్‌కి వస్తుంది. (విజయనగరం యాస సొంతంగా వచ్చినమ్మాయే కావాలి, డబ్బింగు వద్దు.)

చిక్కంతా ఫైనల్లో. అమెచ్యూర్ బౌట్‌లో 3 నిమిషాల రౌండ్లు మూడే. ప్రతి జడ్జీ రౌండు గెలిచినవాళ్లకి 10, ఓడినవాళ్లకి మామూలుగా 9 వేస్తాడు; మొదటి రెండూ పోతే 18-20. మూడోది 10-9తో గెలిచినా 28-29, ఓటమే. నాకౌట్ పెట్టి చూశా, పాత సినిమాల వాసనే. మూడో రౌండు ఏకపక్షంగా గెలిపించి 10-8 ఇప్పిస్తే 28-28తో సమం, చప్పగా ఉంది. రెండు రౌండ్లయ్యాక ఐదుగురు జడ్జిల్లో ముగ్గురి దగ్గర 19-19, ఇద్దరి దగ్గర 18-20 అనుకుంటే, మూడోది 10-9తో గెలిస్తే ముగ్గురు జడ్జిలు మా పిల్లవైపు, 3-2తో లెక్క కుదిరింది. కానీ హాల్లో కూర్చున్నవాడికి ఆ అంకెలు ఎక్కవు కదా.

మూడో రౌండుకి ముందున్న ఒక్క నిమిషం విరామంలో, కామెంటరీ లేకుండా, ఈ లెక్క ప్రేక్షకుడికి అర్థమయ్యేలా ఎలా చూపించాలి?