డూడుల్ జర్నల్: కొత్త నోట్‌బుక్ ముందు చెయ్యి కదలట్లేదు, ఏం చేయాలి?

సుడిగీత:
హాయ్ అందరికీ. ఫోన్ మాట్లాడేటప్పుడు చేతిలో పెన్ను ఉంటే చాలు, ఏ కాగితం దొరికితే దాని మీద సుడులు, ఆకులు, కళ్ళు గీసేస్తుంటా, అవి బానే వస్తాయి కూడా. సరే ఈ డూడుల్సే హాబీగా పెట్టుకుని ఒక జర్నల్ నింపుదాం అని మంచి గట్టి అట్ట నోట్‌బుక్ తెచ్చుకున్నా, ఇక అంతే, అది ముందు పెట్టుకుంటే ఒక్క గీత పడట్లేదు. పేజీ పాడైపోద్దేమో అని భయం. గీసిన కాస్తా వెనక పేజీకి ఇంకు దిగిపోతోంది. రోజూ గీయాలా? ఏం గీయాలో ముందే అనుకోవాలా? డ్రాయింగ్ ఎక్కడా నేర్చుకోలేదు.

సగంపేజీ:
మొదటి పేజీని పెన్నులు గీకి చూసుకోడానికి వదిలెయ్యండి. నిజంగానే చెప్తున్నా. మధ్యలో ఎక్కడో తెరిచి మొదలెట్టండి. పేజీ మొత్తం నింపాలనే రూలేం లేదు, అగ్గిపెట్టెంత గడి గీసుకుని అందులోనే గీయండి. జెంటాంగిల్ అని ప్యాటర్న్‌లు గీసే పద్ధతి ఒకటి ఉంది, వాళ్ళ పద్ధతి చూడండి, 3.5 అంగుళాల చదరపు కాగితం ముక్క, పెన్సిల్‌తో మూలల్లో నాలుగు చుక్కలు, వాటిని కలుపుతూ అంచు, లోపల మెలికలు తిరిగే ఒక గీత, ఆ గీత వల్ల ఏర్పడ్డ ఒక్కో భాగంలో ఒక్కో ప్యాటర్న్. రబ్బరు వాడరు, గీత పక్కకి పోతే దాన్నే ప్యాటర్న్‌లో కలిపేసుకుంటారు.

నల్లసిరా:
ఇంకు దిగడం కాగితం వల్లండి. మామూలు నోట్‌బుక్కులు 70, 80 జీఎస్ఎం (చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములో చెప్పే లెక్క, ఎక్కువుంటే కాగితం మందం) దాకా ఉంటాయి, ఫైన్‌లైనర్లకి (సన్న మొన పెన్నులు) జెల్ పెన్నులకి 120 పైన ఉంటే హాయి, వాటర్ కలర్ కూడా వేస్తా అంటే 300 దాకా వెళ్ళాలి. ఆల్కహాల్ మార్కర్లు మాత్రం మందం కాగితంలోంచి కూడా దిగుతాయి, ఒకవైపే గీసి కింద ఇంకో కాగితం పెట్టుకోండి. గీశాక రంగు వేసే ఆలోచన ఉంటే పిగ్మెంట్ ఇంక్ పెన్ను తీసుకోండి, ఆరాక నీళ్ళు తగిలినా చెదరదు. మొన 0.3 మి.మీ.ది ఒకటి, 0.8ది ఒకటి చాలు. ఆకు గీశారనుకోండి, ఈనెలు సన్నదాంతో వేసి, చుట్టూ అంచుని నీడ పడే వైపు మాత్రం లావుదాంతో ఇంకోసారి దిద్దండి, ఆకు కాగితం మీంచి లేచినట్టు కనిపిస్తుంది.

గీతలగోల:
అబ్బా, మళ్ళీ జీఎస్ఎం క్లాస్ మొదలైందా :) ఇలాగైతే గీయడం పోయి పెన్నులు కొనడమే హాబీ అవుద్ది. సుడిగీత గారూ, సమాధానం మీ ప్రశ్నలోనే ఉంది, ఫోన్లో ఉన్నప్పుడు మీ ధ్యాస మాటల మీదుంది కాబట్టి చెయ్యి దాని దారిన అది పోయింది. నోట్‌బుక్ ముందు కూర్చుంటే ధ్యాసంతా గీత మీదే, ఇక అదేం కదుల్తుంది. 2009లో జాకీ ఆండ్రేడ్ అనే సైకాలజిస్ట్ ఒక ప్రయోగం చేసింది, 40 మందికి బోర్ కొట్టే ఫోన్ మెసేజ్ వినిపిస్తూ సగం మందిని కాగితం మీద ఆకారాలకి షేడింగ్ వేయమంది, వాళ్ళకి మిగతావాళ్ళకన్నా 29 శాతం ఎక్కువ గుర్తుంది. అంటే చెయ్యి ఆడుతుంటే వినడం ఏం చెడిపోలేదు. మీరూ ఏదో ఒకటి వింటూ గీయండి, పాడ్‌కాస్టో, పాత ఇంటర్వ్యూనో. పాటలు నాకైతే కుదర్లేదు, కూనిరాగం తీస్తూ గీయడం ఆపేస్తా. ఇక పాడవడం అంటారా, రవీంద్రనాథ్ టాగూర్ రాతప్రతుల్లో కొట్టివేతలు చూడండి, కొట్టేసిన మాటల్ని ఒకదానికొకటి కలుపుకుంటూ పోయి వింత పక్షులు, జంతువులు చేసేవారు.

సుడిగీత:
వింటూ గీయడం ఇప్పుడే ట్రై చేశా, పేజీలో సగం ఎప్పుడు నిండిందో తెలీలేదు! పెన్ను మాత్రం ఉన్నదే వాడుతున్నా, సారీ నల్లసిరా గారూ. రోజూ గీయకపోతే అది జర్నల్ అవుద్దా మరి?

సగంపేజీ:
ఎందుకవదు. గీసిన రోజున మూలలో చిన్నగా డేట్, ఆ టైంలో ఏం విన్నారో ఒక ముక్క, అంతే. గీయని రోజుల కోసం పేజీలు ఖాళీగా వదలొద్దు, తర్వాతి బొమ్మ పక్కనే మొదలెట్టండి. డేట్లు ముందే అచ్చేసిన డైరీల జోలికి మాత్రం పోకండి.

నల్లసిరా:
సారీ ఎందుకండీ, ఆ పెన్ను అయిపోయాక మాట్లాడుకుందాం :)