“తేలుకుండును” తర్వాత ఏం పోయింది?

పెరటిచెట్టు: రెండు రోజులుగా ఒక వేమన పద్యం వదలడం లేదు. “తేలుకుండును తెలియగొండి విషంబు, ఫణికినుండు విషము పండ్లయందు, తెలివిలేని జనుల దేహమెల్ల విషంబు”. కింది పాదాలు హాయిగా నడుస్తున్నాయి. మొదటిదే కుంటుతోంది. తప్పు నా జ్ఞాపకానిదా, పద్యానిదా? ఇంకోటి, చిన్నప్పుడు “తెలియగొండి” అంటే మండ్రగబ్బలాగా ఇంకో రకం తేలు అనుకునేదాన్ని. నవ్వకండి.

గురులఘువు: నవ్వడం ఎందుకండీ, మీ చెవి గట్టిది. ఇది ఆటవెలది, ఈ పాదంలో మూడు చిన్న గణాలు, ఆపైన రెండు పెద్ద గణాలు రావాలి. “తేలు, కుండు” దాకా బాగుంది, తర్వాత “ను” ఒంటరిగా నిలబడింది. ఆ పైన “తెలియఁ గొం, డి విషంబు” అని రెండు పెద్ద గణాలు, నగమూ సలమూ, చక్కగా కూర్చున్నాయి, “తే”కు “తె” కలిసి యతి కూడా పడింది. పోయినవి మూడో గణంలో రెండు లఘువులు, అంటే రెండు పొట్టి అక్షరాలు, అంతే. “తేలుకుండు నెపుడు” అని నా సవరణ.

బళ్ళారివాసి: “ఎపుడు” వట్టి పూరణ. తేలుకు విషం ఒకపూట ఉండి ఒకపూట లేకపోతుందా? “తేలుకుండు విషము తెలియఁగాఁ గొండిలో” అనండి, గణాలూ సరిపోతాయి, అర్థమూ తిన్నగా ఉంటుంది.

గురులఘువు: సరిపోతాయి, కాదనను. కానీ ఒకటో పాదమూ మూడో పాదమూ రెండూ “విషంబు” మీద ఆగుతున్నాయి చూడండి, ఆ ఊపు పోగొట్టారు. పూరణ అంటారా, అసలు “తెలియ” మాత్రం ఏమిటి?

కడప మాస్టారు: అక్కడే నేను అడ్డుపడతాను. “తెలియ” పూరణ కాదు. తెలియన్ + కొండి, తెలియఁ గొండి. తేలు విషం ఎక్కడుందో అందరికీ తెలుసు, కొండిలో. పాముదీ తెలుసు, కోరల్లో. తెలివిలేనివాడి విషం ఎక్కడుందో వెతకనే అక్కర్లేదు, ఒళ్ళంతా అదే. తేలు, తెలియ, తెలివి అని కావాలనే పేర్చాడు. వేమనను మనం అలవోకగా అనేశాడు అనుకుంటాం గానీ ఆ పేర్పు చూడండి. సి.పి. బ్రౌన్ దొర 1829లో వేమన పద్యాలు అచ్చువేసేనాటికే వ్రాతప్రతుల్లో ఒక్కో పద్యానికి రకరకాల పాఠాలున్నాయి. మధ్యలో రెండక్షరాలు ప్రతి రాసే రాయసగాడు ఎవరో మింగి ఉంటాడు. వాడికి తేలు కుట్టిందేమో.

గురులఘువు: కుడితే కిక్కురుమనలేదు, తేలు కుట్టిన దొంగలా.

పాతపుస్తకం: అందరూ వేమన అంటున్నారు, సుమతి శతకాన్ని మరిచారు. “తలనుండు విషము ఫణికిని, వెలయంగా దోకనుండు వృశ్చికమునకున్”. రెండింటికీ మూలం సంస్కృతంలో ఉంది: “తక్షకస్య విషం దంతే మక్షికాయాస్తు మస్తకే, వృశ్చికస్య విషం పుచ్ఛే సర్వాంగే దుర్జనే విషమ్”. మన ఇద్దరూ పాపం ఈగను వదిలేశారు. సుమతిలో పాము విషం తలకెక్కింది, వేమన పళ్ళలోనే ఉంచాడు. మూలానికి దగ్గర వేమనే.

గురులఘువు: ఆ కందంలో చాలామంది “వెలయంగ” అని చదువుతారు. అలా చదివితే “గదోక” బేసి గణంలో జగణమై (లఘువు, గురువు, లఘువు) కూర్చుంటుంది, కందంలో అది కూడదు. “గా” దీర్ఘం ఉండి తీరాలి.

పాతపుస్తకం: నేను “గా” అనే రాశాను మహాప్రభో.

కొత్తసభ్యుడు: ఒక సందేహం. తోక పైకెత్తుకుని నీటి మీద తేలినట్టు నడుస్తుంది కాబట్టి తేలు అన్నారా?

బళ్ళారివాసి: మా ఊళ్ళో ఆ మాట అంటే నవ్వుతారు బాబూ. కన్నడంలో కుట్టేది చేళు, నీటి మీద తేలడం తేలు. తమిళంలో పురుగు తేళ్, ళకారంతో. తెలుగులో రెండూ ఒకే రూపుకు వచ్చి చేరాయి, చుట్టరికం లేదు. మన భాష చూస్తే శవమూ తేలుతుంది, లెక్కా తేలుతుంది, కళ్ళూ తేలేస్తాం. అది వేరే గూడు.

కొత్తసభ్యుడు: అయితే ఈ చర్చ కూడా తేలదంటారు.

కడప మాస్టారు: కొండి సంగతి ఎవరూ పట్టించుకోలేదు. తలుపుకు కొండి, తేలుకు కొండి, రెండూ వంకరే. కొండెం కూడా అక్కడినుంచే వచ్చిందని నా గట్టి అనుమానం. కొండెగాడు ఎదురుగా కరవడు, వెనకనుంచి తోకతో కుడతాడు.

గురులఘువు: మాస్టారూ, వినడానికి బాగుంది. ఆధారం?

కడప మాస్టారు: ఆధారం మా వీధిలో ఇద్దరున్నారు.

పాతపుస్తకం: ఈయనకు పెత్తనమిస్తే తెల్లవార్లూ కుడతాడు.

పెరటిచెట్టు: ఇంతకీ “నెపుడు” వేసి చదువుకోనా, “విషము” వేసి చదువుకోనా? మా మనవడికి రేపు నేర్పాలి.

బళ్ళారివాసి: కొండి అంటే గుర్తొచ్చింది. తేలుకొండి కాయ చూశారా ఎవరైనా? ఎండితే నల్లగా, కొసన రెండు కొక్కేలతో ఉంటుంది. చిన్నప్పుడు వెనకనుంచి చొక్కాలకు తగిలించి పారిపోయేవాళ్ళం.

కడప మాస్టారు: మేము దాన్ని గరుడముక్కు అంటాం. కొక్కెం ముక్కులా ఉంటుంది గానీ కొండిలా ఎక్కడుందండీ?